కొత్తగా లైసెన్స్ వచ్చిన కుర్రాడికి బ్లాక్ బాక్స్ ఇన్సూరెన్స్ పనికొస్తుందా?

అమలాపురంలో మీ అబ్బాయికి కొత్తగా లైసెన్స్ వచ్చింది, బ్రిటన్‌లోలా కారుకి బ్లాక్ బాక్స్ (నడిపే తీరును నమోదు చేసే పెట్టె) పెడితే ప్రీమియం తగ్గుతుందా అని అడిగారు. కొంత తగ్గొచ్చండి. 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ‘పే యాజ్ యు డ్రైవ్’ (తిరిగిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం), ‘పే హౌ యు డ్రైవ్’ (నడిపే తీరును బట్టి ప్రీమియం) యాడ్-ఆన్‌లకు అనుమతిచ్చింది. తగ్గింపు మన కారు డ్యామేజీకి కట్టే భాగంలోనే. ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, అది మారదు.

ఆ పెట్టె వేగాన్ని, సడన్ బ్రేకుల్ని నమోదు చేస్తుంది. కాలవగట్టు మీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వస్తే ఎవరైనా బ్రేకు తొక్కాల్సిందే. రోజూ అదే పనిగా తొక్కుతుంటే మాత్రం నడిపే తీరుకి ఇచ్చే స్కోరు పడిపోతుంది. డబ్బు సంగతి అలా ఉంచండి, రెయిలింగ్ లేని గట్ల మీద కుర్రాడు నెమ్మదిగా వెళ్తే అదే పదివేలు. ‘పే యాజ్ యు డ్రైవ్’ తీసుకుంటే కిలోమీటర్ల పరిమితి ఎంతో, దాటితే ఏమవుతుందో ఏజెంటుని ముందే అడగండి.