ఫిల్ము చదివే డాక్టరుకు ఊరి పేరు కూడా కావాలి

అరుదైన, అంతుచిక్కని జబ్బులను కనిపెట్టడంలో ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై వంటి పరీక్షలు నిజంగా ఎంతవరకు పనికివస్తాయని మీరు అడిగారు. చాలా పనికివస్తాయి. మా ఇంటి పెద్దమనిషి ఒకాయన ఈ రోజు కర్ర సాయంతోనైనా తన కాళ్ల మీద తాను నడుస్తున్నాడంటే అది ఆ పరీక్షల పుణ్యమే. అయితే ఖరీదైన యంత్రం ఉంటే చాలు, జబ్బు దానంతటదే బయటపడుతుందన్న మాటను, బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే నల్లగొండ జిల్లాలో పుట్టిన నేను ఒప్పుకోలేను. ఫిల్ము చదివే డాక్టరుకు రోగిది ఏ ఊరో, అతను ఏ నీళ్లు తాగి పెరిగాడో తెలియకపోతే ఎంత గొప్ప స్కానింగైనా దారి తప్పిస్తుంది.

మా పెద్దనాయనది మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. మొదట బావి నీళ్లు, ఆ తర్వాత బోరు నీళ్లు తాగి బతికిన తరం ఆయనది. నడుము వంగిపోవడం, మెడ తిరగకపోవడం వంటివాటిని మా వైపు పెద్దవాళ్లు జబ్బు కింద లెక్కపెట్టరు. వయసుతో వచ్చేవే అనుకుని సర్దుకుపోతారు. కాళ్లు బరువెక్కి, నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియని స్థితి వచ్చాకనే మా అన్న, నేను ఆయనను హైదరాబాదులోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడ తీసిన ఎక్స్‌రేలో వెన్నుపూసలు, కటి ఎముకలు ఉండవలసిన దానికన్నా చాలా చిక్కగా, తెల్లగా కనిపించాయి. వెంటనే బోన్ స్కాన్, అంటే ఎముకల్లో చేరే రేడియోధార్మిక మందును నరానికి ఎక్కించి తీసే పరీక్ష, రాశారు. ఇచ్చిన మందునంతా ఎముకలే పీల్చుకోవడంతో అందులో అస్థిపంజరం మొత్తం నల్లగా తేలింది, మూత్రపిండాలు దాదాపు కనిపించనే లేదు. ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకలన్నిటికీ పాకిందని, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోమని, ఆ క్యాన్సరును పసిగట్టడానికి రక్తంలో చేసే పీఎస్‌ఏ పరీక్ష ఫలితం రాకముందే మాకు చెప్పేశారు. మా పెద్దమ్మ ఆసుపత్రి మెట్ల మీదనే కూలబడింది. పీఎస్‌ఏ మామూలుగానే ఉందని తేలిన తర్వాత కూడా, కొందరిలో అలాగే ఉంటుంది, ఎముక ముక్క తీసి చూద్దామన్నారు తప్ప వేరే జబ్బు కావచ్చునన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు.

తెలిసినవారు చెప్పగా ఆ ఫిల్ములన్నీ పట్టుకుని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని పెద్ద వయసు రేడియాలజిస్టు దగ్గరికి వెళ్లాము. ఆయన ఫిల్మును లైటు మీద పెట్టి కాసేపు చూసి, మా పెద్దనాయన వైపు తిరిగి, "ఏ ఊరు పెద్దాయనా మీది?" అని అడిగారు. "మర్రిగూడ దిక్కు సారూ." "ఏ నీళ్లు తాగేది?" "బోరు నీళ్లే సారూ, కృష్ణ నీళ్లు మొన్న మొన్న కదా వచ్చినయి." ఇక వేరే ప్రశ్న అడగకుండా ఆ డాక్టరు మా పెద్దనాయన ముంజేతికి ఒక మామూలు ఎక్స్‌రే తీయించారు. ముంజేతిలోని రెండు ఎముకలను కలుపుతూ ఒక పలుచని పొర ఉంటుందని, మామూలు మనిషి ఎక్స్‌రేలో అది కనిపించదని చెప్పి, మా పెద్దనాయన ఫిల్ములో ఎముక అంచుల నుంచి ఆ పొర వెంట తుమ్మముళ్లలాగా పొడుచుకు వచ్చిన సున్నపు మొనలను మాకు వేలుపెట్టి చూపించారు. క్యాన్సరు పాకితే ఎముకల్లో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా మచ్చలు ఏర్పడడమే ఎక్కువగా చూస్తామని, ఇక్కడ రెండు వైపులా సమంగా చిక్కబడడమే కాక కటి ఎముకల దగ్గర ఎముకలను కలిపి పట్టి ఉంచే నారల్లాంటి లిగమెంట్లు కూడా గట్టిపడ్డాయని, ఇది తాగునీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో చేరడం వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్ అని ఆయన తేల్చి చెప్పారు. అంత పెద్ద ఆసుపత్రిలో అన్ని వేలు ఖర్చుపెట్టినా తేలని సంగతి కొన్ని వందల రూపాయల ఎక్స్‌రేతో తేలింది.

అయినా ఖరీదైన పరీక్షల అవసరం తీరిపోలేదు. నిజానికి వాటి అసలు పని అప్పుడే మొదలైంది. కాళ్లు ఎందుకు పడిపోతున్నాయో ముంజేయి చెప్పలేదు. మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోయి, నలిగినచోట లోపల మచ్చ కూడా పడిందని ఎమ్మారై చూపించింది. అయితే ఎముక పైపొర, గట్టిపడిన లిగమెంటు రెండూ ఎమ్మారైలో నల్లగానే కనబడతాయి కాబట్టి ఏది ఎంత మందంగా పెరిగిందో, ఎక్కడినుంచి ఎక్కడివరకు తీసేయాలో సర్జనుకు సీటీ స్కానే చెప్పింది. ఆపరేషన్ తర్వాత కాళ్లలో బలం కొంత తిరిగి వచ్చింది. మెడ, తుంటి మాత్రం బిగుసుకుపోయినట్లే ఉన్నాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఏమిటంటే, ఈ జబ్బును ఎక్స్‌రేతో పట్టుకోవచ్చునన్నది కొత్త విషయం కానేకాదు. 1932లో కోపెన్‌హాగెన్‌లో క్రయోలైట్ అనే ఫ్లోరైడు ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఊపిరితిత్తులలో దుమ్ము చేరిందేమోనని ఎక్స్‌రేలు తీసిన మోలర్, గుడ్‌యోన్సన్ అనే డాక్టర్లకు ఎముకలు ఇలాగే చిక్కగా కనిపించాయి. 1937లో నెల్లూరు ప్రాంతపు పల్లెల్లోని రోగుల గురించి షార్ట్ బృందం రాసింది. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ రాసిన వ్యాసం నేరుగా మా నల్లగొండ ఫ్లోరోసిస్ గురించే. అన్నేళ్ల కిందటే మా జిల్లా పేరు వైద్య పత్రికలకు ఎక్కితే, మా ఊరికి వంద కిలోమీటర్లు కూడా లేని నగరంలో మా మనిషి ఎముకలను చూసి క్యాన్సరని చెప్పడం క్షమించదగినది కాదు. పైగా స్కానింగ్ కేంద్రం వాళ్లు నింపే కాగితంలో పేరు, వయసు, ఆడా మగా అన్నవి తప్ప ఊరు, తాగునీరు అడిగే గడి ఉండదు. రిపోర్టు చివర రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవాలని మాత్రం తప్పకుండా రాస్తారు. పోల్చడానికి కావలసిన సంగతిని అడగకుండా ఆ వాక్యం రాయడంలో అర్థమేముంది?

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చింది, కృష్ణ నీళ్లు వచ్చాయి, ఇక ఆ జబ్బు సంగతి ఎందుకని కొందరు అంటారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడు ఉండకూడదన్న ప్రమాణాన్ని మా బోర్లు ఏనాడూ పాటించలేదు. మా నేల కింది గ్రానైటు రాయి స్వభావమే అంత. నీళ్లు మారినా, ఏళ్ల తరబడి ఎముకల్లో చేరిన ఫ్లోరైడు తొందరగా వదిలిపోదు. ఆ నీళ్లు తాగి పెరిగినవారు ఇప్పుడు నడివయసులో ఉన్నారు, పనుల కోసం ముంబయి, పుణె వరకు వెళ్లి బతుకుతున్నారు. అక్కడి డాక్టరుకు ఇది నిజంగానే అరుదైన జబ్బు. ఎముక సాంద్రత పరీక్ష చేస్తే అంకె ఎక్కువగా వచ్చి, ఎముకలు బలంగా ఉన్నాయని సంతోషించే ప్రమాదం కూడా ఉంది. ఫ్లోరోసిస్ ఎముక చిక్కగా ఉంటూనే పెళుసుగా ఉంటుంది.

కాబట్టి మీరు గానీ మీ పెద్దవాళ్లు గానీ నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు పెరిగినవారైతే, ఏ స్కానింగుకు వెళ్లినా ఊరి పేరు, తాగిన నీళ్ల సంగతి అడగకున్నా చెప్పి కాగితం మీద రాయించండి. ఎముకలు తెల్లగా ఉన్నాయని ఎవరైనా అంటే ముంజేతి ఎక్స్‌రే తీయించమని అడగండి. సీడీ చేతిలో పెట్టి పంపినా పాత ఫిల్ములు పారేయకండి, కొత్తవాటి పక్కన పెట్టి చూడడానికి అవే ఆధారం. కాళ్లు బరువెక్కడం, చెప్పు జారినా తెలియకపోవడం మొదలైతే మాత్రం నొప్పి మాత్రలతో కాలం గడపకుండా నరాల డాక్టరుకు చూపించి మెడకు, వీపుకు ఎమ్మారై తీయించండి. వెన్నుపాము చాలాకాలం నలిగిన తర్వాత ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాదు.