ఇమామ్ బడిలో ఫిజిక్స్ పాఠం

ప్రశ్న: టర్కీ సెక్యులర్ దేశమంటారు కదా. మరి ఇమామ్‌లను తయారుచేసే బళ్ళను అక్కడ ప్రభుత్వమే నడుపుతోందట! అవి మదర్సాలేనా? వాటిలో చదివినవాళ్ళు డాక్టర్లు కాలేరన్నది నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మదర్సాలు కావమ్మా. వాటిని 1924లోనే మూసేశారు. ఆ ఏడాది మార్చి 3న టర్కీ పార్లమెంటు ఖలీఫా (ముస్లింలందరికీ పెద్ద అనిపించుకునే) పదవిని రద్దు చేసింది. అదే రోజు దేశంలోని చదువునంతా విద్యాశాఖ కిందికి తెచ్చింది. దాంతో మతాన్ని వదిలించుకున్నారనుకుంటాం గానీ, నిజానికి దాని పగ్గాలు ప్రభుత్వం చేతికొచ్చాయి. ఇవాళ్టికీ అక్కడ మసీదు ఇమామ్ నెలజీతం తీసుకునే సర్కారు ఉద్యోగి. ఆ ఉద్యోగానికి మనుషులు కావాలి కదా, అందుకే ఈ ‘ఇమామ్ హతిప్’ (హతిప్ అంటే మసీదులో ప్రసంగం చేసేవాడు) బళ్ళు. మొదట పెట్టినవి 1930 నాటికి మూతబడ్డాయి. జనాజా నమాజు (చనిపోయినవారి కోసం చేసే ప్రార్థన) చదివించే మనిషైనా దొరకడం లేదని ఊళ్ళలో గోల మొదలయ్యాక, 1951లో మళ్ళీ తెరిచారు.

ఖురాన్, అరబ్బీతోపాటు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా చెబుతారు. అక్కడ చేర్పించే తల్లిదండ్రులంతా కొడుకు ఇమామ్ కావాలనేం కోరుకోరు. బుద్ధిగా పెరగాలి, ఆపైన లాయరో ఇంజనీరో కావాలి, అంతే! ఎర్దోవాన్ అలాంటి బడిలోనే చదివి దేశాధ్యక్షుడయ్యాడు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది ఆడపిల్లల సంగతి. వాళ్ళు ఎంత చదివినా మసీదులో ఇమామ్ కాలేరు. అయినా 1976లో కోర్టు తీర్పుతో దారి దొరకగానే చేరడం మొదలుపెట్టారు. మగపిల్లలతో కలిపి చదివించనని మొండికేసిన నాన్నలు ఈ బడి పేరు చెబితే సరేనన్నారు. తీరా హైస్కూలు గట్టెక్కి యూనివర్సిటీకి వెళితే, తలమీది స్కార్ఫ్ తీస్తేనే లోపలికి రమ్మన్నారు. ఎందరో అక్కడితో చదువు ఆపేశారు. ఆధునికత పేరుతో చేసిన పనే ఇది!

ఇక డాక్టర్ల మాట. 1997లో సైన్యం ఒత్తిడితో ఈ బళ్ళలోని మిడిల్ స్కూలు తరగతులను మూసేశారు. 1999 నుంచి, వీటిలో చదివినవాళ్ళు మతవిద్య కాక మరో కోర్సు కోరుకుంటే యూనివర్సిటీ ప్రవేశానికి లెక్కగట్టే మార్కుల్లో కోత పెట్టారు. ఆ దెబ్బ ఎలక్ట్రీషియన్ లాంటి పనులు నేర్పే వృత్తి బళ్ళ పిల్లలకూ తగిలింది. కొన్నేళ్ళలోనే ఇమామ్ బళ్ళ విద్యార్థులు ఐదు లక్షల నుంచి లక్షలోపుకి పడిపోయారు. తరవాత ఆ కోత ఎత్తేశారు. కాబట్టి ఇప్పుడు నిక్షేపంగా డాక్టర్లు కావచ్చు.

2012లో మిడిల్ స్కూళ్ళు మళ్ళీ తెరిచాక ఫిర్యాదు అటునుంచి ఇటు మారింది. మా వీధి బడిని ఇమామ్ బడిగా మార్చేశారు, మా పిల్లలు ఎక్కడికి పోవాలని సెక్యులర్ తల్లిదండ్రులు అడుగుతున్నారు. 2017లో హైస్కూలు బయాలజీ నుంచి పరిణామ సిద్ధాంతాన్నీ తీసేశారు. అది ఇమామ్ బళ్ళలో మాత్రమే కాదు, అన్ని బళ్ళలోనూ. పిల్లల వయసుకు అది అందదట, యూనివర్సిటీలో చెబుతారట.