రోజుకు ఒక్క దిక్కు పెట్టుకోండి

సెలవు రోజున నాలుగు చోట్లు చూద్దామని బయల్దేరితే సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతోందని, సాయంత్రానికి ఇద్దరూ ముఖాలు ముడుచుకుని ఇల్లు చేరుతున్నామని రాశారు. మీ ఇద్దరిలో తప్పేం లేదండీ, ప్లానే బరువైపోయింది.

తీరనగరానికి ఒక పక్కంతా సముద్రమే. ఇక మిగిలే దారులు మూడు: తీరం వెంట ఇటు, తీరం వెంట అటు, లేదంటే లోపలికి. ఒక రోజుకు ఒక్క దిక్కు, అందులో ఒక్క చోటు చాలు. నగరాన్ని అడ్డంగా దాటే పనే పెట్టుకోకండి.

బీచ్‌కైతే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. చాలా తీరాల్లో పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది, పైగా రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. లెక్కేస్తే వారానికి అంతా తలకిందులే! పోయిన ఆదివారం నడిచిన రాళ్ల బాట ఈ ఆదివారం అదే వేళకు నీళ్లలో ఉండొచ్చు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు నీటి మట్టానికీ ఆటు నీటి మట్టానికీ తేడా మరీ ఎక్కువ. నీరు తీస్తున్నప్పుడు వెళ్తే తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగబడదు, రాళ్ల మధ్య గుంటల్లో చిన్న చిన్న పీతలు కనిపిస్తాయి. నన్నడిగితే సగం రోజు అక్కడే గడిపేయొచ్చు.

పడవ షికారు మాత్రం ఉదయమే. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి ఊపందుకుంటుంది, కడుపులో తిప్పే వాళ్లకు కష్టం.

సూర్యాస్తమయం కాగానే జనమంతా ఒక్కసారే కదులుతారు. అక్కడే భోంచేసి నిదానంగా బయల్దేరండి.