సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు నీ సిబిల్ సంగతి చూసుకో నానా

నానా,

నిన్న ఫోన్‌లో పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాడు చెప్పిన లెక్క విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. సిబిల్ స్కోర్ 660 ఉన్నా పర్లేదు సార్, నాలుగు లక్షల లోన్ ఈ రోజే చేయించేస్తాం, నాలుగేళ్ళు నెలకి 11,333 కడితే చాలు అన్నాడంట కదా, నువ్వేమో వాయిదా నా జీతంలో సరిపోతుంది అత్తా అంటున్నావ్. లోన్ల సీట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని, ఈ సంగతి నీకు పూర్తిగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు ఆ సంతకం పెట్టకు, ఆర్నెల్లు ఆగు. ముందు నీ సిబిల్ రిపోర్ట్, అంటే అప్పులు ఎలా కడుతున్నావో చెప్పే చిట్టా, బాగుచేసుకో, తర్వాత లోన్ నువ్వే తెచ్చుకుని అప్పుడు బండి చూడు.

వాడు చెప్పిన 9 శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే నువ్వు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న నాలుగు లక్షల మీదే నాలుగేళ్ళూ వేస్తారు. ఏడాదికి 36 వేలు, నాలుగేళ్ళకి 1,44,000. అదే 9 శాతం తగ్గే బాకీ మీద అయితే వాయిదా 9,950 చిల్లర, మొత్తం వడ్డీ 78 వేల లోపే. తేడా 66 వేలు! ఆ ఫ్లాట్ 9 ని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే దాదాపు 16 శాతం అవుతుంది నానా. అందుకే ఎవడు వడ్డీ చెప్పినా ఫ్లాటా రెడ్యూసింగా అని అడుగు, లోన్ వివరాలు, ఖర్చులు ఒకచోట రాసి ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కాగితం ఇవ్వమను, 2024 అక్టోబర్ నుంచి బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా సొంత అవసరాల లోన్లకి అది ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఉంటుంది, ప్రాసెసింగ్ ఫీజు లాంటివన్నీ కలిపిన అసలు రేటు అదే. ముందే తీర్చేస్తే ఫైన్ ఎంతో కూడా అందులోనే చూసుకో, కార్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువి కాబట్టి ఆ ఫైన్ ఉండొచ్చు.

ఇక నీ స్కోర్. 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే బ్యాంకు వాళ్ళు నీతో మాట్లాడే తీరే మారిపోద్ది. ఈ లెక్కలు రాసే బ్యూరోల్లో సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి, నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. నీ రిపోర్ట్ నువ్వు చూసుకుంటే స్కోర్ తగ్గదు, ఆ భయం పెట్టుకోకు. తగ్గేది లోన్ కోసం నువ్వు వరసపెట్టి అప్లై చేసినప్పుడు, ఒక్క వారంలో ఐదారు చోట్ల పేరు పడితే వీడికి డబ్బు బాగా ఇరుకుగా ఉందని అనుకుంటారు. కన్సల్టెన్సీ వాడికి పాన్ నంబర్ ఇచ్చావంటే వాడు నాలుగు కంపెనీలకి పంపేస్తాడు, అందుకే ఇవ్వొద్దంటున్నా.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నీకు మూడు చోట్ల దెబ్బ తగిలింది. కార్డు లిమిట్ లక్ష, నెలనెలా 85 వేలు వాడతావ్. గడువుకి మొత్తం కట్టేస్తున్నా కదా అంటావ్, నిజమే, కానీ స్టేట్‌మెంట్ రోజు ఉన్న బాకీయే చాలాసార్లు బ్యూరోకి వెళ్తుంది, అంటే వాళ్ళ లెక్కలో నువ్వు ఎప్పుడూ పీకల్దాకా మునిగే ఉన్నట్టు. స్టేట్‌మెంట్‌కి రెండు మూడు రోజుల ముందే చాలావరకు కట్టెయ్, ముప్ఫై వేలు దాటనివ్వకు. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకోవడం ఎప్పుడూ చెయ్యకు, దాని మీద వడ్డీ నెలకి 3 శాతం పైనే. పాత కార్డు క్లోజ్ చెయ్యాలన్న ఆలోచన కూడా మానుకో, ఎన్నేళ్ళ నుంచి సరిగ్గా కడుతున్నావో చెప్పే సాక్ష్యం అదే.

రెండోది కరోనా టైంలో తీసుకున్న యాప్ లోన్. వాడు తగ్గించి తీసుకుని వదిలేశాడని నువ్వు సంతోషపడ్డావ్, రిపోర్ట్‌లో మాత్రం సెటిల్డ్ అని పడింది, ఆ మాట చూస్తే లోన్ ఆఫీసర్ చెయ్యి వెనక్కి పోద్ది. మిగిలిన మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి, కట్టేసి, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుని, క్లోజ్డ్ అని మార్చమని అడుగు. మూడోది నీ ఫ్రెండ్ బైక్ లోన్‌కి నువ్వు పెట్టిన హామీ సంతకం. వాడి వాయిదా తప్పితే నీ రిపోర్ట్‌లో కూడా పడుతుంది, మొహమాటం లేకుండా వాడితో మాట్లాడు.

నీది కాని లోన్ ఏదైనా కనిపిస్తే బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టు, 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు చొప్పున నీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు. డబ్బు తీసుకుని స్కోర్ పెంచుతాం అనే వాళ్ళ జోలికి పోకు, నిజంగా ఉన్న ఎగవేతని ఎవడూ చెరపలేడు.

డౌన్ పేమెంట్‌కి అమ్మాయి బంగారం తాకట్టు పెడతానన్నావ్, వద్దు నానా. అప్పు మీద అప్పు అవుతుంది. ఈ ఆర్నెల్లూ ఆ 11 వేలు నెలనెలా ఆర్‌డీలో వెయ్యి, 66 వేలు చేతికొస్తాయి, వాయిదా నిజంగా మోయగలవో లేదో కూడా తెలిసిపోద్ది. లోన్ మూడేళ్ళకి మించనివ్వకు, పాత బండికి నాలుగో ఏడు వాయిదాతో పాటు మెకానిక్ బిల్లు కూడా ఉంటుంది.

బండి విషయానికొస్తే, మన బెజవాడలో ఒకటి మర్చిపోకూడదు. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయో మనం చూశాం, వాటిలో కొన్ని కడిగి పాలిష్ పెట్టి అమ్మకానికి వచ్చే ఉంటాయి. సీట్ బెల్ట్ పూర్తిగా చివరిదాకా బయటికి లాగి చూడు, బురద చార అక్కడ మిగిలిపోద్ది. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల మీద తుప్పు ఉందేమో, స్పేర్ టైరు గుంటలో ఇసక ఉందేమో చూడు. మీటర్ తిప్పారేమో తెలియాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి హిస్టరీ అడుగు, నీ మెకానిక్‌ని నువ్వే తీసుకెళ్ళు.

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్ పేరు, బండి మీద ఫైనాన్స్, ఇన్సూరెన్స్ చూడు, చలాన్లు కూడా. ఫైనాన్స్ ఉంటే, నువ్వు డబ్బులిస్తే క్లియర్ చేస్తా అనే మాట నమ్మకు, నీ డబ్బు నేరుగా ఓనర్ లోన్ అకౌంట్‌కే వెళ్ళాలి, బాకీ తీరింది, అభ్యంతరం లేదనే బ్యాంక్ ఎన్ఓసీ, బండి మీద ఫైనాన్స్ తీసేసే ఫారం 35 వచ్చాక మిగతాది ఇవ్వు. పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక సీ-బుక్ నీ పేరుకి మారేదాకా వెంటపడు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. మా వీధిలో ఒకాయన ఆ పని వాయిదా వేస్తూ పోయాడు, ఈలోగా బండి గుద్దుకుంది, పాలసీ పాత ఓనర్ పేరు మీదే ఉందని క్లెయిమ్ ఇవ్వలేదు, రిపేరంతా చేతి డబ్బే.

ముందు ఆ నాలుగు రిపోర్టులూ డౌన్‌లోడ్ చేసి నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం ఫోన్లో లైను లైనుగా చూద్దాం. కన్సల్టెన్సీ వాడు మళ్ళీ ఫోన్ చేస్తే మా అత్త ఆర్నెల్లు ఆగమంది అని చెప్పు, నా పేరు వాడుకో పర్లేదు.

మీ అత్త