ఒక పూట, ఒక కాగితం

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

బ్రాంప్టన్‌లో నెలకోసారి కెనడా చరిత్ర మీద సభ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! వాంకూవర్‌లో ఏళ్ల తరబడి ఈ పని చేసినవాణ్ణి కాబట్టి నాకు తోచినవి రాస్తున్నాను.

మనవాళ్లు ఈ చరిత్రని పౌరసత్వ పరీక్ష కోసం బట్టీ పడతారు. 20 ప్రశ్నల్లో 15 వస్తే పాస్, ఆ తర్వాత అంతా మర్చిపోతారు. 1867, నాలుగు ప్రావిన్సులు, ప్రధానుల పేర్లు అని వరసపెట్టి చెబితే ఎవరికి మాత్రం గుర్తుంటాయి? అందుకే మొత్తం చరిత్ర చెప్పాలని చూడకు. ఒక పూటకి ఒక కాగితం చాలు. ఆ కాగితంలో ఏముందో, ఏం లేదో అందరిచేతా చదివించు.

మొదటి సభకి పది డాలర్ల నోటు తీసుకెళ్లు, 2018లో వచ్చిన నిలువు నోటు. దాని మీద ఉన్నావిడ వయోలా డెస్మండ్, హాలిఫాక్స్‌లో బ్యూటీ పార్లర్ నడిపిన నల్లజాతి మహిళ. 1946 నవంబర్ 8న న్యూ గ్లాస్గోలో ఆవిడ కారు చెడిపోయింది. బాగయ్యేదాకా సినిమా చూద్దామని రోజ్‌లాండ్ థియేటర్‌కి వెళ్లింది. టికెట్ అడిగితే బాల్కనీ టికెట్ ఇచ్చారు. అక్కడ నల్లవాళ్లకి బాల్కనీయే. ఆ సంగతి ఆవిడకి తెలియదు, వెళ్లి కింద కూర్చుంది. లేవమంటే, తేడా డబ్బు ఇస్తాను, కింది టికెట్ ఇమ్మంది. ఇవ్వలేదు. మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంది. బయటికి ఈడ్చుకెళ్లి రాత్రంతా లాకప్‌లో ఉంచారు. తెల్లారి కోర్టులో పెట్టిన కేసేమిటో తెలుసా? రెండు టికెట్ల మధ్య వినోదపు పన్ను తేడా, ఒక్క సెంటు ఎగ్గొట్టిందని! జరిమానా, ఖర్చులు కలిపి 26 డాలర్లు.

ఇక్కడ కాసేపు ఆగు. ఆ కేసులో ఒంటి రంగు ప్రస్తావన ఎక్కడుంది అని అడుగు. ఎక్కడా లేదు, అదొక పన్ను కేసు మాత్రమే. జనాన్ని ఆలోచించుకోనివ్వు, నువ్వే జవాబు చెప్పేయకు. తర్వాతి కథ అప్పుడు చెప్పు: 2010లో ఆ ఊళ్లున్న నోవా స్కోషియా ప్రావిన్సు ఆవిడకి క్షమాభిక్ష ఇచ్చి, ఆవిడ ఏ తప్పూ చేయలేదని ఒప్పుకుంది. దాని మీద సంతకం పెట్టిన లెఫ్టినెంట్ గవర్నర్ మేయన్ ఫ్రాన్సిస్ కూడా నల్లజాతి మహిళే. అప్పటికి వయోలా పోయి 45 ఏళ్లు.

రెండో సభకి 1908 నాటి ఉత్తర్వు పెట్టుకో. సొంత దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వస్తేనే కెనడాలో దిగనిస్తామన్నారు. అందులోనూ ఇండియా పేరు లేదు. కానీ ఇండియా నుంచి నేరుగా వచ్చే ఓడే లేకుండా చేశారు. 1914 మే 23న కొమగాటా మారు ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. ఎక్కువమంది పంజాబీ సిక్కులు. రెండు నెలలు ఒడ్డు కనిపిస్తూనే ఉంది, కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. మిగతావాళ్లని జులై 23న వెనక్కి పంపేశారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగితే బ్రిటిష్ వాళ్ల కాల్పుల్లో ఇరవై మంది దాకా పోయారు. బ్రాంప్టన్‌లో పంజాబీ పెద్దలకి కొదవ లేదు, వాళ్లని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టు. ఈ కథ వాళ్లు చెబితేనే బాగుంటుంది.

చైనా వాళ్ల విషయంలో ఆ దాపరికం కూడా లేదు. కెనడాలో అడుగుపెట్టాలంటే 1885లో తలకి 50 డాలర్లు పన్ను, 1903కి అది 500. దీనికి ఒక సభ వేరేగా పెట్టచ్చు.

'ఇదంతా మన చరిత్ర కాదు కదండీ, మనం నిన్నగాక మొన్న వచ్చాం' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కోపం తెచ్చుకోకు. బ్రిటిష్ కొలంబియాలో 1907లో భారతీయుల ఓటు తీసేస్తే, మళ్లీ 1947లో గానీ రాలేదని చెప్పు. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి ఎక్కువమంది రాగలిగింది 1967లో చదువు, అనుభవం లాంటివి చూసి మార్కులేసే పాయింట్ల పద్ధతి వచ్చాకేనని చెప్పు. ముందొచ్చినవాళ్లు పోరాడబట్టే మన పాస్‌పోర్టుల మీద ముద్ర పడింది. ఈ మాట మన పిల్లలకి తెలియాలి.

ఆదివాసుల సంగతి మాత్రం నువ్వు చెప్పబోకు. ఇంటికీ భాషకీ దూరం చేసే రెసిడెన్షియల్ స్కూళ్లకి వాళ్ల పిల్లల్ని లక్షా యాభై వేల మందిని తీసుకెళ్లారు. ఆ స్కూళ్ల సంగతి తేల్చడానికి వేసిన సత్య, సయోధ్య కమిషన్ వాళ్ల గోడు విని, 2015లో 94 సూచనలు చేసింది. ఆ సూచనల కాగితం పంచు, చదివించు. మాట్లాడటానికి మాత్రం ఆ సమాజంవాళ్లనే పిలువు. పారితోషికం ఇవ్వు, ఊరికే రమ్మనకు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వాళ్లకే వదిలెయ్. చిన్నపిల్లలు వస్తారా లేదా అన్నది కూడా ముందే చెప్పి ఉంచు. మీ ఊరి నేల 1818 నాటి ఒప్పందం కింద మిసిస్సాగా అనే ఆదివాసుల చేతుల్లోంచి పోయిందే, కాబట్టి ఆ సభ మీ వీధి గురించి కూడా.

వాట్సాప్‌లో వచ్చిన ఒక్క ముక్క కూడా సభలో చదవకు. మీ ఊళ్లోనే పామా (పీల్ ఆర్ట్ గ్యాలరీ, మ్యూజియం, ఆర్కైవ్స్) ఉంది, పాత కోర్టు, జైలు భవనాల్లో. అక్కడ పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవ్స్ వాళ్లకి ముందే ఫోన్ చేసి, ఏ కాగితం కావాలో చెబితే వెతకడానికి సాయం చేస్తారు. ఇద్దరికో జిరాక్స్ చొప్పున తీయించు, అప్పుడు పక్కవాళ్లతో మాట కలుస్తుంది. మంచు ముదిరితే జనం కదలరు, మొదటి రెండు సభలూ నవంబర్‌లోపే కానిచ్చెయ్.

ఉంటాను తల్లీ.
మీ బాబాయి