యూదుల శుభకార్యాల్లో ప్రార్థనలు ఎలా ఉంటాయి?

పెళ్లిళ్లు, పిల్లలు పుట్టడం లాంటి సంతోష సమయాల్లో యూదులకు ప్రత్యేకంగా ప్రార్థనలు ఉంటాయా అని అడిగారు. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా పనిచేస్తున్నా. నేను చూసుకునే పెద్దాయనను రోజూ పొద్దున్నే వీల్‌చైర్‌లో సినగాగ్‌కు (యూదుల ప్రార్థనా మందిరం) తీసుకెళ్తా. అక్కడ చూసింది, ఆయన్ని అడిగి తెలుసుకుంది చెప్తాను.

ప్రత్యేక ప్రార్థనలు ఉన్నాయి. అయితే ఆ రోజు మానేసే ప్రార్థన ఒకటుంది, నాకు అదే బాగా నచ్చింది. మామూలు రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం 'తహనూన్' చదువుతారు. తప్పులు ఒప్పుకుని దేవుణ్ణి వేడుకోవడమన్నమాట. మేం వెళ్లేచోట అందరూ కూర్చుని, ముంజేతి మీద నుదురు ఆనించి, లోలోపల చదువుకుంటారు. పెళ్లయి వారం దాటని కొత్త పెళ్లికొడుకు వాళ్లలో ఉంటే మాత్రం దాన్ని ఎవరూ చదవరు. "పెళ్లికొడుకున్నాడు" అని ఎవరో ఒకరు గట్టిగా అంటారు, ప్రార్థన నడిపించే ఆయన నేరుగా ముందుకెళ్లిపోతాడు. ఆ అబ్బాయి ఎవరో తెలియనివాళ్లు కూడా ఆ పూట తమ వేడుకోలు పక్కన పెట్టేస్తారు. ఎనిమిదో రోజున మగబిడ్డకు సున్తీ జరిగే చోటా ఇంతే. హనుక్కా, పూరీం పండుగలకు, పస్కా పండుగ వచ్చే నీసాన్ అనే యూదుల నెలంతా కూడా తహనూన్ ఉండదు.

ఇక పెళ్లిలో వైన్ గిన్నె పట్టుకుని ఏడు ఆశీర్వచనాలు చదువుతారు. ఆ తర్వాత వారం రోజులు కొత్త జంటను బంధువులు, స్నేహితులు భోజనాలకు పిలుస్తారు. అక్కడ పదిమంది మగవాళ్లు ఉండి, అంతకుముందు ఈ పెళ్లి వేడుకల్లో లేని కొత్త అతిథి ఒకరు వస్తే, భోజనమయ్యాక ఆ ఏడూ మళ్లీ చదువుతారు. మా పెద్దాయన పెళ్లికి వెళ్లలేకపోయారని పై అంతస్తు వాళ్లు ఆయన్ని ఆ కొత్త అతిథిగా పిలిచారు. ఆశీర్వచనాలు తలా ఒకటి పంచుకుంటారు కదా, ఆయనకూ ఒకటి ఇచ్చారు. మామూలుగా రెండు మాటలకే ఆయాసపడే మనిషి, ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని దాన్ని పాటలా చదివారు.

మీరూ ఇలాంటి భోజనానికి వెళ్లేట్టుంటే, మగవాళ్లయితే తలమీద కిప్పా (చిన్న గుండ్రటి టోపీ) పెట్టుకోండి, 'మజల్ తోవ్' (శుభాకాంక్షలు) అనండి. ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలో వైన్ సీసా మాత్రం మీరు తెరవొద్దు, ఎవరికీ పోయొద్దు. వాళ్లే పోసిస్తారు.