గ్రేస్ హాపర్‌ను నేను కోబాల్ వాక్యాల్లో తెలుసుకున్నాను

కంప్యూటర్ రంగానికి దారి వేసిన మహిళల్లో మీ పనిని నిజంగా ప్రభావితం చేసినవారు ఎవరని నన్ను ఒకరు అడిగారు. నా సమాధానం అమెరికన్ గణితవేత్త, కంప్యూటర్ నిపుణురాలు గ్రేస్ హాపర్. 1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, ఆ తర్వాత పాతికేళ్లు మెయిన్‌ఫ్రేమ్‌ల (బ్యాంకుల వంటి సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్ల) ప్రోగ్రాముల నిర్వహణలోనే గడిపాను కాబట్టి, ఆమె పేరు తెలియకముందే ఆమె ఆలోచనతో రోజూ పని చేశానని చెప్పాలి.

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఇంగ్లీషంటే జంకు. మెయిన్‌ఫ్రేమ్ మీద గంటసేపు కూర్చోవడమే గగనం కావడంతో ప్రోగ్రాములను ముందు నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లం. అలా మొదటి వారంలో రాసుకున్న ఒక వాక్యం ఇప్పటికీ గుర్తుంది: ‘సబ్‌ట్రాక్ట్ విత్‌డ్రాయల్ ఫ్రమ్ బ్యాలెన్స్’, చివర ఒక ఫుల్‌స్టాప్. అర్థం కాని గుర్తులేవో ఉంటాయని భయపడుతూ వెళ్లినవాడికి పద్దుల పుస్తకంలోని మాటలే కనిపించాయి. ఈ మాటల వెనుక ఎవరున్నారో చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను.

హాపర్ 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ పొంది, వాసర్ కళాశాలలో పాఠాలు చెబుతుండగా యుద్ధం వచ్చింది. ఉండవలసిన బరువు లేకపోయినా ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుని 1943లో అమెరికా నౌకాదళ రిజర్వులో చేరారు. హార్వర్డ్‌లో ఆమెకు అప్పగించిన మార్క్ 1 అనే తొలితరం కంప్యూటర్ 51 అడుగుల పొడవుండి, సెకనుకు మూడు కూడికలు చేసేది. అక్కడ పనికొచ్చిన ప్రోగ్రాం ముక్కలను నోటుపుస్తకాల్లో దాచుకుని, అవసరమైనప్పుడు చేత్తో ఎత్తి రాసుకునేవారు. ఎత్తి రాయడంలో అంకెలు తారుమారయ్యేవి. ఈ ఎత్తిరాత పనిని యంత్రానికే అప్పగిస్తే ఏమవుతుందన్న ఆలోచనతోనే, యూనివాక్ అనే కంప్యూటర్ మీద పనిచేస్తున్న రోజుల్లో, 1952 నాటికి ఆమె ఏ-0 అనే కంపైలర్‌ను (మనం రాసినదాన్ని యంత్రం నడపగల ఆదేశాలుగా మార్చే ప్రోగ్రాంను) తయారు చేశారు. నేటి కొలమానంతో చూస్తే అది పూర్తి కంపైలర్ కాకపోవచ్చు, కానీ ప్రోగ్రాంలు రాసే ప్రోగ్రాం సాధ్యమేనని చూపించింది. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేయగలదని నమ్మినవారు చాలాకాలం దాని జోలికే పోలేదు.

ఆ తర్వాత జరిగిన ఒక సంగతి నన్ను బాగా కదిలించింది. మామూలు ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాం రాయవచ్చని తాను పనిచేస్తున్న కంపెనీ పెద్దలకు చూపిస్తూ, ఆమె అదే ప్రోగ్రాంను ఫ్రెంచి, జర్మన్ మాటల్లోనూ నడిపించారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి ఎలా వస్తుందని వారు కంగారు పడ్డారట. నిజానికి యంత్రానికి ఏ భాషా రాదు. ఏ మాటకు ఏ పని చేయాలో మనం చెప్పిపెడతాం, అంతే. ఇంగ్లీషుకు జంకిన తెలుగు మాధ్యమం విద్యార్థికి ఈ విషయం తొలిరోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత ధైర్యం వచ్చేదో!

హాపరే కోబాల్‌ను సృష్టించారని తరచూ రాస్తుంటారు. 1959లో దాన్ని రూపొందించింది ఒక సంఘం. జీన్ సామెట్ వంటి కంప్యూటర్ నిపుణులు అందులో పనిచేశారు. హాపర్ సలహాదారుగా ఉన్నారు, ఇంగ్లీషు మాటలతో ఆమె అంతకుముందే తయారుచేసిన ఫ్లో-మాటిక్ భాష దానికి ముఖ్యమైన పునాది అయింది. అలాగే 1947లో మార్క్ 2 కంప్యూటర్‌లోని రిలేలో (విద్యుత్ స్విచ్‌లో) చిక్కిన పురుగును ఆమే పట్టుకున్నారని, కంప్యూటర్ లోపాన్ని ‘బగ్’ (పురుగు) అనడం అక్కడే మొదలైందని చెప్పే కథ. దాన్ని అందరికీ చెప్పింది ఆమే గానీ, పట్టుకున్నది ఆమె కాదు. లోపాన్ని ‘బగ్’ అనడం అంతకుముందే ఉంది. ఇవి లేకపోయినా ఆమె ఘనతకు వచ్చిన లోటేమీ లేదు.

ఆ ఘనత ఏమిటో నాకు ఒక ప్రింటవుట్ మీద కనిపించింది. 2000 సంవత్సరం వస్తే తేదీలు తారుమారు కాకుండా ఏళ్లను రెండంకెల నుంచి నాలుగంకెలకు మార్చే పనిలో, నాకంటే వయసులో పెద్దదైన ఒక బ్యాంకు ప్రోగ్రాంను సవరించాను. పరీక్షించి చూస్తే నిల్వ తక్కువున్న ఖాతాలకే వడ్డీ పడింది, మిగతావాటికి పడలేదు. రెండు రాత్రులు వెతికినా కారణం దొరకలేదు. ప్రోగ్రామింగ్ ఏమాత్రం తెలియని, లెక్కల సరిచూతకు వచ్చిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని ఆ కాగితాన్ని తీసుకుని, వేలితో ఒక్కో వరుస చదువుతూ, “ఇక్కడ వాక్యం ముగియలేదు కదండీ” అన్నారు. కనీస నిల్వ లేని ఖాతాకు రుసుము వేసే షరతు చివర ఫుల్‌స్టాప్‌ను నేనే చెరిపేశాను. దాంతో కింది వరుసలోని వడ్డీ కూడా ఆ షరతులోకే వెళ్లిపోయింది. వ్యాపారం తెలిసినవారు ప్రోగ్రాంను చదవగలగాలని హాపర్ దశాబ్దాల కిందట పట్టుబట్టకపోతే, ఆవిడ ఆ కాగితం మీద వేలు పెట్టగలిగేవారు కాదు.

హాపర్ 1966లో పదవీ విరమణ చేసినా, కోబాల్‌ను ప్రామాణీకరించే పనికి నౌకాదళం మరుసటి ఏడే ఆమెను వెనక్కి పిలిచింది. ఆరు నెలలకని వెళ్లి, మధ్యలో స్వల్ప విరామం తప్ప, 1986 వరకు కొనసాగారు. అప్పటికి ఆమె వయసు 79, హోదా రియర్ అడ్మిరల్. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఉపన్యాసాలకు వెళ్లినప్పుడల్లా సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారట. నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లవ వంతులో, విద్యుత్తు పోగల గరిష్ఠ దూరం అది. ఉపగ్రహం ద్వారా సందేశం రావడానికి అంత సమయం ఎందుకు పడుతుందని అడిగే అధికారులకు వాటినే చూపించేవారు. కొత్తగా చేరిన పిల్లలు అమెరికాలోని సర్వర్ నుంచి జవాబు ఆలస్యంగా వస్తోందని అన్నప్పుడు నేనూ సొరుగులోంచి ఒక తీగ ముక్క తీసి వారి చేతిలో పెడతాను, మధ్యలో ఇలాంటివి ఎన్ని ఉంటాయో లెక్కగట్టి రమ్మంటాను.